ఐదో నెలలో ఏం తాగొచ్చు, ఏం తాగొద్దు?

వరంగల్ పిల్ల:
అక్కలూ నాకు ఐదో నెల నడుస్తుంది, ఈ ఎండలకి నోరు ఊకే ఎండిపోతుంది, మంచినీళ్లు గటగటా తాగితే వాంతికొచ్చినట్టయితది. ఇంట్ల ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నరు. మా అత్తమ్మ పొద్దుగాల దించిన కల్లు ఒక గ్లాసు తాగు చలవ చేస్తది అంటది, మా అమ్మ ఫోన్ల కొబ్బరినీళ్లు తప్ప ఏదీ ముట్టకు అంటది, మా ఆయనేమో చెరుకురసం పట్టుకొస్తడు. నాకు టీ పడకపోతే తలనొప్పి, రోజుకి నాలుగైనా కావాలె. ఇందుల ఏది ఓకే?

గోదారి కోడలు:
టీ పూర్తిగా మానక్కర్లేదమ్మా. కెఫీన్ రోజుకి 200 మిల్లీగ్రాములు దాటొద్దంటారు, ఇంట్లో పెట్టుకునే కప్పు టీలో ఓ 40, 50 ఉంటుంది కాబట్టి నీ నాలుగు కప్పులు గీత మీదున్నట్టే, రెండుకి దించు. ఫిల్టర్ కాఫీ డికాషన్ చిక్కగా పడితే ఇంకా ఎక్కువ. కానీ నన్నడిగితే కెఫీన్ కంటే ముందు చూసుకోవాల్సింది ఐరన్ మాత్ర. పీహెచ్‌సీలో ఇచ్చే ఎర్ర మాత్ర టీ తాగిన వెంటనే వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు, పాలతో వేసుకున్నా అంతే. మధ్యలో ఓ రెండు గంటలు గ్యాప్ ఇచ్చి నిమ్మకాయ నీళ్లతో వేసుకో, బాగా పడుతుంది. కాల్షియం మాత్ర ఇంకో పూట.

నల్గొండ అక్క:
కల్లు మాత్రం వద్దు చెల్లె. చెట్టు మీద కుండలనే పులుసుడు మొదలయితది, పొద్దెక్కేకొద్దీ ఘాటెక్కుతది, ఎంత చలవన్నా అది ఆల్కహాలే, బిడ్డకి కూడా పోతది. ఇంత తాగితే పర్లేదు అనే లెక్క కడుపుతో ఉన్నోళ్లకి లేదు. దుకాణంల అమ్మే కల్లయితే ఇంకా భయం, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపి దొరికిన కేసులు మన దగ్గర ఎన్ని చూడలే? అత్తమ్మతోని కొట్లాడకు, డాక్టరమ్మ వద్దన్నది అని చెప్పు, అయిపాయె.

బెజవాడ:
చెరుకురసంలో చెరుకుతో ఏం కాదండీ, భయమంతా ఆ ఐసు, ఈగలు ముసిరే మిషను. ఆ గోనెసంచిలో కొట్టే ఐసు ఏ నీళ్లతో చేశారో ఎవరికి తెలుసు? పైగా అంతా పంచదారే. మీకు ఇంకొన్ని వారాల్లో గ్లూకోజ్ తాగించి షుగర్ టెస్ట్ చేస్తారు కదా, అందులో ఎక్కువొస్తే ఇక దాని మొహం చూడక్కర్లేదు. కొబ్బరినీళ్లు మంచివే, అప్పటికప్పుడు కొట్టించుకుని తాగండి. పల్చటి మజ్జిగలో కాస్త ఉప్పేసుకుని గుక్క గుక్కగా తాగితే నీళ్లంత వికారం ఉండదు, నాకు అదే పడింది. పాలు మాత్రం కాచనివి తాగొద్దు, గేదె మనింటిదైనా సరే. ఎనర్జీ డ్రింకుల డబ్బా మీద గర్భిణులకి వద్దని వాళ్లే రాస్తారు. ఇక కుంకుమపువ్వు పాలకి బిడ్డ తెల్లగా పుడుతుందనేది ఉత్త మాట, డబ్బులు దండగ. యూరిన్ ముదురు పసుపుగా వస్తున్నా, తాగింది తాగినట్టు వాంతి అవుతున్నా మాత్రం ఇక్కడ అడుగుతూ కూర్చోకుండా హాస్పిటల్‌కి వెళ్లండి.

వరంగల్ పిల్ల:
థాంక్స్ అక్కలూ. మరి బెల్లం టీ అయితే నాలుగు తాగొచ్చా?

గోదారి కోడలు:
బెల్లమేసినా టీ పొడి అదేగా తల్లీ.