అప్‌డేట్: మాన్యువలా, ప్యాడిల్ షిఫ్టా? తేలిపోయింది

ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ 1.5 కారులో 6 గేర్ల మాన్యువల్ తీసుకోవాలా, ప్యాడిల్స్ (స్టీరింగ్ వెనక ఉండే, గేరు మార్చే మీటలు) ఉన్న 7 గేర్ల డీఎస్‌జీ (ఆటోమేటిక్) తీసుకోవాలా అని అడిగాను కదా. ముందు ఘాట్ రోడ్డు మీద నడిపి చూడమన్నవాళ్లందరికీ చాలా థ్యాంక్స్.

మా బావ డీఎస్‌జీ కారులో నల్గొండ నుంచి దేవరకొండ, డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్లాం. గేరు మారే వేగం అద్భుతం, అందులో మాట లేదు. దిగుడులో ఎడమ ప్యాడిల్ నొక్కితే ఇంజన్ బ్రేకింగ్ (ఇంజనే బండి వేగాన్ని తగ్గించడం) కూడా బాగా అందుతుంది. కానీ దోమలపెంట దాటాక, పాతాళగంగ వైపు దిగే పెద్ద మలుపుల్లో స్టీరింగ్‌తో పాటు ప్యాడిల్స్ కూడా తిరుగుతాయి. సరిగ్గా గేరు తగ్గించాల్సిన చోట ఆ ప్యాడిల్ వేళ్లకు దొరకదు. గేర్ లివర్ మాత్రం ఎప్పుడూ ఉన్నచోటే ఉంటుంది!

మాన్యువల్ టెస్ట్ డ్రైవ్ నార్కట్‌పల్లి రోడ్డులో చేశాను. క్లచ్ తొక్కి మూడు నుంచి రెండుకు దించగానే 250 ఎన్ఎం టార్క్ (ఇంజన్ లాగే బలం) ఒక్కసారిగా అందుకుంది. నాకు కావాల్సింది అదే.

రోజూ ఎల్బీ నగర్ ట్రాఫిక్‌లో నలిగేవాళ్లకైతే ఆటోమేటిక్కే సుఖం, బావకు అదే సరైంది. నా ఆఫీసు నల్గొండలోనే. మాన్యువల్ బుక్ చేశాను, ఎరుపు రంగు.