నాన్న జీమెయిల్‌కి ఓటీపీ ఎవరి ఫోన్‌కి రావాలి?

గుంటూరు_టు_డాలస్: నాన్నగారికి డెబ్బై దాటాయి, గుంటూరులో ఉంటారు. మ్యూచువల్ ఫండ్ స్టేట్‌మెంట్లు, ఇన్‌కమ్ టాక్స్ ఈ-ఫైలింగ్ అన్నీ ఆ ఒక్క మెయిల్‌కే. టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంచుకుని, కోడ్ నా అమెరికా నంబరుకి వచ్చేలా చేద్దామనుకుంటున్నా. అప్పుడు ఎవడు ఫోన్ చేసి బెదిరించినా చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ ఉండదు కదా. చెల్లేమో అది నాన్న అకౌంటు, నీది కాదు అని గొడవ. ఏమంటారు?

చిన్నబాబు: నీ మాటే కరెక్ట్ బ్రో. మా అమ్మకి "మీ అకౌంట్ బ్లాక్ అవుతుంది" అని మెయిల్ వస్తే చాలు, టెన్షన్‌తో లింక్ నొక్కేస్తుంది. తాళం మన దగ్గరుంటేనే మనకి నిద్ర.

విశాఖ_సిసాడ్మిన్: నేను ఒప్పుకోను. నాన్నగారి ఫోన్ పాడై కొత్తది కొన్నారనుకోండి, షాపులో కూర్చుని జీమెయిల్ తెరవాలంటే కోడ్ కావాలి, అక్కడ పొద్దున పదకొండు అంటే మీకు అర్ధరాత్రి. పైగా కోడ్ మీకే వస్తుందనుకోవడం కూడా సగమే నిజం: ఆయన ఆండ్రాయిడ్ ఫోన్‌లో అకౌంటు లాగిన్ అయి ఉంటుంది కాబట్టి "లాగిన్ అవుతున్నది మీరేనా?" అనే ప్రాంప్ట్ ఆ ఫోన్‌కే వెళ్తుంది, అవతలివాడు "అవును నొక్కండి సార్" అంటే ఆయన నొక్కేస్తారు. దానికంటే ఆయన ఫోన్‌లో పాస్‌కీ పెట్టండి, అంటే పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్‌తోనే లాగిన్ అవడం. వేలిముద్రతో తెరుచుకుంటుంది, ఫోన్‌లో చదివి చెప్పడానికి అంకెలే ఉండవు, దొంగ సైటులో అది పనిచేయదు. అకౌంటు తెరుచుకోకపోతే తిరిగి తెచ్చుకోవడానికి ఇచ్చే రికవరీ ఫోన్ ఆయనదే ఉంచి, రికవరీ ఈమెయిల్ మాత్రం మీది ఇవ్వండి, తేడా వస్తే అలర్ట్ మీకూ వస్తుంది. గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి బీరువాలో పెట్టించండి, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది.

రిటైర్డ్_టీచరమ్మ: ఆ పేరెంట్‌ని నేనే బాబూ. మా అబ్బాయి ఇలాగే చేశాడు. నా మెయిల్ నేను తెరుచుకోవడానికి వాడి మీటింగ్ అయ్యేదాకా కూర్చోవాలి. మోసపోతానని భయం ఉంటే నాకు నేర్పాలి గానీ తలుపు తీసుకెళ్లిపోతే ఎలా?

చిన్నబాబు: అందరూ మీలా నేర్చుకోరు టీచర్ గారూ. మోసగాడు ఎనీడెస్క్ (దూరం నుంచి మన ఫోన్ స్క్రీన్ చూసే యాప్) వేయించుకుంటే పాస్‌కీ ఏం చేస్తుంది?

విశాఖ_సిసాడ్మిన్: ఏమీ చేయదు. డాలస్ నంబరు కూడా ఏమీ చేయదు, ఎందుకంటే మెయిల్ అప్పటికే తెరిచే ఉంది. స్క్రీన్ షేర్ చేయమన్నవాడితో మాట్లాడకుండా ఫోన్ పెట్టేయాలి, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయాలి, ఇవి రెండూ పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించండి. ఇంకోటి, నాన్నగారు ఆరు నెలలు మీ దగ్గరికి వస్తే ఇండియా సిమ్ రీఛార్జ్ మర్చిపోకండి. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు అసలు వాడకుండా ఉండి, బ్యాలెన్స్ 20 రూపాయల లోపు ఉంటే కట్ చేసేయొచ్చు, తర్వాత ఆ నంబరు ఇంకొకరికి వెళ్తుంది.

గుంటూరు_టు_డాలస్: సిమ్ సంగతి నేను ఆలోచించలేదు. పాస్‌కీ పాత ఫోన్‌లో వస్తుందా?

విశాఖ_సిసాడ్మిన్: ఆండ్రాయిడ్ 9 నుంచి వస్తుంది. స్క్రీన్ లాక్ ఉండాలి. ఉందా?

గుంటూరు_టు_డాలస్: లేదండీ, ప్రతిసారీ తీయడం విసుగని తీయించేశారు. సంక్రాంతికి చెల్లి వెళ్తోంది, ముందు ఆ లాక్ పెట్టించమంటా.