మొక్కలకు జ్ఞాపకం ఉందని అనవచ్చా?

పచ్చనాకు:
అనవచ్చనే నా వాదన. పురుగులను పట్టి తినే వీనస్ ఫ్లైట్రాప్ మొక్క ఆకుమీది రోమాన్ని పురుగు ఒకసారి తాకితే ఏమీ జరగదు. సుమారు 30 సెకన్లలోపు మళ్ళీ తాకితే ఆకు చటుక్కున మూసుకుంటుంది. మొదటి స్పర్శ జాడ ఎక్కడో మిగలకపోతే, ఇది రెండోదని ఆకుకు ఎలా తెలుస్తుంది? ఇంకొకటి. గొంగళిపురుగు కొరికిన ఆకులో మొదలైన కాల్షియం అల నిమిషాల్లో దూరపు ఆకులకు పాకడాన్ని 2018లో టొయోటా, గిల్‌రాయ్ అనే శాస్త్రవేత్తల బృందం, ప్రయోగాలకు తరచూ వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో చిత్రీకరించింది. ఆ అలను రేపేది గ్లుటమేట్. మన మెదడులో నాడీకణాల మధ్య సంకేతాలు మోసేదీ అదే!

సూక్ష్మదర్శిని:
గ్లుటమేట్ ఒక అమైనో ఆమ్లం, ప్రతి జీవకణంలోనూ ఉంటుంది. అది కనిపించిన చోటల్లా మెదడును వెతకడం సరికాదు. ఫ్లైట్రాప్ సంగతీ అంతే. మొదటి స్పర్శకు కణాల్లో కాల్షియం పెరిగి మెల్లగా తగ్గుతుంది. పూర్తిగా తగ్గేలోపు రెండో స్పర్శ పడితే మొత్తం హద్దు దాటుతుంది, ఆకు మూసుకుంటుంది. దీనికి జ్ఞాపకం అన్న పేరెందుకు? 'మొక్కల నాడీశాస్త్రం' అన్న పేరునే తప్పుపడుతూ 2007లో 36 మంది వృక్షశాస్త్రజ్ఞులు లేఖ రాశారు. 2023లో ఎండిపోతున్న టమాటా మొక్కల నుంచి అతిధ్వనులు (మనిషి చెవికి అందని చప్పుళ్ళు) నమోదైతే, 'మొక్కలు ఏడుస్తున్నాయి' అన్నవారున్నారు. నీటి నాళాల్లో బుడగలు పగలడమే ఆ చప్పుడుకు కారణం కావచ్చని పరిశోధకులే చెప్పారు. ఇలాంటి మాటల వల్ల మంచి పరిశోధనకే చెడ్డపేరు వస్తుందని నా బాధ.

పచ్చనాకు:
ఏడుపు మాట నేనూ ఒప్పుకోను. కానీ ఎలా పనిచేస్తుందో తెలిసినంత మాత్రాన అది జ్ఞాపకం కాకుండా పోతుందా అండీ? మన మెదడులోనూ నాడీకణాల సంధులు బలపడటానికి కణంలోకి చేరే కాల్షియమే కీలకం కదా. అక్కడ జ్ఞాపకం, ఇక్కడ వట్టి రసాయనమా?

మొలక:
మీ ఇద్దరికీ ఒక ప్రశ్న. సంకేతం కొంతసేపు నిలవడం వేరు, నేర్చుకోవడం వేరు కదా? బఠానీ మొలకలు గాలి వీచే దిక్కును బట్టి వెలుగు వచ్చే వైపును ఊహించగలుగుతున్నాయని 2016లో గాగ్లియానో అనే శాస్త్రవేత్త బృందం ప్రకటించింది. అది చదివి ఎంతో సంబరపడ్డాను. 2020లో మార్కెల్ అనే మరో శాస్త్రవేత్త ఎక్కువ మొక్కలతో మళ్ళీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. పరిస్థితులు వేరని మొదటి బృందం జవాబిచ్చింది. నేను మాత్రం అప్పటి నుంచి ఆ ప్రయోగాన్ని ఉదాహరణగా చెప్పడం మానేశాను.

సూక్ష్మదర్శిని:
మొలక గారు గీసిన గీత నాకు సమ్మతమే. పచ్చనాకు గారి కాల్షియం ప్రశ్నకు నా దగ్గర గట్టి జవాబు లేదు. 'స్వల్పకాల జ్ఞాపకం' అనండి, అభ్యంతరం చెప్పను. 'నేర్చుకుంది' అనాలంటే మాత్రం, బఠానీ ప్రయోగం వేరువేరు ప్రయోగశాలల్లో, ఏ కుండీ ఏదో తెలియని పరిశీలకుల చేతుల్లో, మళ్ళీ అదే ఫలితం ఇవ్వాలి. ఇస్తే నా మాట వెనక్కు తీసుకుంటాను.