పాత రికార్డ్ వైస్: మిగిలిన నీలం రంగు ఉంచాలా, ఊడదీసి కొత్తది వెయ్యాలా?

గోదారిగట్టు
వైస్ (పనిముక్కను దవడల మధ్య బిగించి పట్టే బెంచీ సాధనం) వివరం: రికార్డ్ కంపెనీ నంబర్ 3, షెఫీల్డ్ తయారీ, దవడ వెడల్పు 4 అంగుళాలు. పక్కన అక్షరాలు పోతలోనే, అంటే లోహాన్ని అచ్చులో పోసినప్పుడే, వచ్చినవి. కంపెనీ నీలం రంగు సగానికి పైగా నిలిచి ఉంది. మిగతా చోట తుప్పు, మూలల్లో గట్టిపడిన గ్రీజు. స్క్రూ తిరుగుతోంది, హ్యాండిల్ కొంచెం వంగి ఉంది. ఇది రోజువారీ పనికి, షోకేసులో పెట్టడానికి కాదు. ఉండేది కాకినాడ, ఉప్పుగాలి. పాత రంగు అలాగే ఉంచి శుభ్రం చేస్తే చాలా, మొత్తం ఊడదీసి ప్రైమర్ నుంచి మొదలుపెట్టాలా?

లాలాగూడ_ఫిట్టర్
మొత్తం తీయాలె. హ్యాండిల్ వంగిందంటున్నరు కదా, అక్కడ్నే అనుమానం రావాలె. హ్యాండిల్‌కు పైపు తొడిగి బిగించినోళ్లు ఉంటరు. ఆ బలం అంతా కదిలే దవడ మెడ మీద, వెనక బాడీల స్లైడ్ (కదిలే దవడను ముందుకు వెనక్కు జరిపే కడ్డీ) దూరే రంధ్రం గోడల మీద పడ్తది. బీడు, అంటే పోత ఇనుము, ఉక్కులెక్క సాగదు, ఒక్కసారే పగుల్తది. సన్నటి పగులు మీద రంగు పొర ఉంటే కంటికి కనవడదు. పని చేసే వైస్‌కు అందం తర్వాత, ముందు లోహం చూడాలె.

ఎలక్ట్రోలిసిస్‌తోని, అంటే సోడా నీళ్లల్ల కరెంటు పంపితే, రంగు, తుప్పు రెండూ ఒకే దెబ్బకు పోతయి. ప్లాస్టిక్ డ్రమ్ముల 10 లీటర్ల నీళ్లకు 50 గ్రాముల బట్టల సోడా. 12 వోల్టుల పాత రకం బ్యాటరీ చార్జర్, 2 నుంచి 5 ఆంపియర్లు. మైనస్ వైర్ వైస్‌కు, ప్లస్ వైర్ పనికిరాని ఇనుప కడ్డీకి. ఇది ఉల్టా అయితే వైసే కరిగిపోతది. రెండూ ఒకదానికొకటి తగలొద్దు. ఆరు నుంచి పన్నెండు గంటలు. కడ్డీ స్థానంల స్టెయిన్‌లెస్ స్టీల్ పెట్టొద్దు, నీళ్లల్ల విషపు క్రోమియం చేరుతది. హైడ్రోజన్ లేస్తది కాబట్టి గదిల వద్దు, బయట గాలి ఆడే చోట పెట్టుర్రి, దగ్గర బీడీ గూడ వద్దు. తీసినంక కడిగి వెంటనే ఆరబెట్టి నూనె రాయాలె, లేకుంటే గంటల ఎర్రబడ్తది.

బీడుఇనుము
ఫిట్టర్ గారూ, ఎలక్ట్రోలిసిస్ కొలతల మీద పేచీ లేదు. పగులు చూడాలంటే రంగు తీయాల్సిందే అన్నదాని మీదే పేచీ. రంగు తీయకుండా పగులు పట్టే పద్ధతులు రెండున్నాయి, ఏ షెడ్డులోనైనా చేయొచ్చు.

మొదటిది మోత పరీక్ష. కదిలే దవడను పూర్తిగా బయటికి లాగేసి, జా ప్లేట్లు (దవడలకు స్క్రూలతో బిగించిన గట్టి పలకలు) విప్పేసి, బాడీని తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తట్టాలి. పగులు లేని బీడు కాసేపు మోగుతుంది, పగులుంటే మోత చప్పబడుతుంది. అన్నీ బిగించి ఉంచి కొడితే మంచి వైస్ కూడా చప్పగానే పలుకుతుంది, అది చూసి బెదరక్కర్లేదు.

రెండోది కిరోసిన్, సుద్ద. గ్రీజు పూర్తిగా తుడిచి, అనుమానం ఉన్న చోట కిరోసిన్ పూసి పావుగంట ఆగాలి. పొడిగుడ్డతో తుడిచేసి, సుద్దపొడి పలుచగా చల్లాలి. పగులులో దిగిన కిరోసిన్ తిరిగి పైకి వచ్చి సుద్దలో తడి గీత గీస్తుంది. లోహం పగిలితే దాని మీది పాత ఎనామెల్ కూడా సాధారణంగా అక్కడే చీలుతుంది, ఎందుకంటే ఎండిపోయిన ఎనామెల్‌కు సాగే గుణం లేదు. చూడాల్సిన చోట్లు: మెడ, స్లైడ్ రంధ్రం నాలుగు మూలలు, వెనక చిన్న దిమ్మ అడుగు, బెంచీకి బిగించే చెవులు.

ఒకసారి ఊడదీసిన కంపెనీ రంగు మళ్లీ రాదు. ఇంకో వైస్ ఏ కాలానిదో తేల్చాలంటే పోల్చి చూసుకునే ఆనవాళ్లలో అదొకటి. సగం పైగా నిలిచినదాన్ని ఊడదీయడానికి బలమైన కారణం కావాలి, ఇక్కడ అది నాకు కనబడలేదు.

ఈరీ_తెలుగు
అమెరికా వైపు సంగతి చెప్తాను, ఎందుకంటే అక్కడ ఈ తొందరతో పోయిన ఆనవాళ్లు చాలా ఉన్నాయి. షికాగో విల్టన్ కంపెనీ చేసిన బుల్లెట్ రకం వైస్‌లో తేదీ ఉండేది కదిలే దవడ స్లైడ్ అడుగున, కీ గాడి పక్కన. కొట్టిన ముద్ర అది, లోతు తక్కువ. చాలావాటి మీద గ్యారంటీ ముగిసే నెల, సంవత్సరం ఉంటాయి. గ్యారంటీ ఐదేళ్లు కాబట్టి ఐదు తీసేస్తే తయారైన కాలం వస్తుంది. ముద్ర 3-55 అని ఉంటే అది 1950 మార్చి సరుకు. ఈ లెక్క తెలియక 1955 అని అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. యాంగిల్ గ్రైండర్‌కు వైర్ కప్పు తగిలించి ఆ అడుగును మెరిపిస్తే ఆ అంకెలు పలచబడతాయి, శాండ్ బ్లాస్ట్ చేస్తే ఇంకా త్వరగా. పోతలో ఉబ్బెత్తుగా ఉన్న అక్షరాలకు ముప్పు తక్కువ, కొట్టిన ముద్రలకే ముప్పు.

అమెరికాలోని ఈరీ ఊళ్లో తయారైన రీడ్ కంపెనీ వైస్‌లకు సంఖ్యే కొలత: 104 అంటే 4 అంగుళాలు, 104½ అంటే నాలుగున్నర. రికార్డ్ సంఖ్యలు అలా చదవకూడదు. నంబర్ 1 మూడు అంగుళాలు, నంబర్ 2 మూడున్నర, నంబర్ 3 నాలుగు. పేరు సగం చెరిగిపోయి అంకె ఒక్కటే మిగిలిన వైస్ దొరికితే, దవడ కొలిచి అంకెతో సరిచూస్తే సగం గుర్తింపు అయిపోతుంది.

మళ్లీ రంగు వేసిన వైస్‌ను కొనేటప్పుడు మరీ జాగ్రత్త. మెరిసే కొత్త పొర కింద లప్పం ఉండొచ్చు, లప్పం కింద వెల్డింగ్ ఉండొచ్చు. చిన్న అయస్కాంతాన్ని ఒంటి మీద నెమ్మదిగా జరుపుకుంటూ పోతే మందపు లప్పం ఉన్న చోట పట్టు సడలుతుంది. అయితే పాత మెషిన్ టూల్ పోతలకు గరుకు కప్పడానికి కార్ఖానాలోనే లప్పం పెట్టేవాళ్లు. కాబట్టి లప్పం దొరకగానే మోసం అనుకోవద్దు, అది ఉన్న చోటును బట్టి నిర్ణయించాలి. మెడ చుట్టూ ఉంటే మాత్రం వదిలేయండి.

రంగులపెట్టె
ఇప్పటిదాకా ఎవరూ సీసం సంగతి ఎత్తలేదు. మన దేశంలో ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసానికి 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) హద్దు అమల్లోకి వచ్చింది 2017లో. అంతకుముందు వేసిన ఎనామెల్‌లో, అందులోనూ ఆ కాలపు విదేశీ రంగుల్లో, సీసం ఉందనే అనుకుని పని చేయాలి. పొడిగా ఎమెరీ పట్టొద్దు, వైర్ కప్పు అసలు పెట్టొద్దు, హీట్ గన్ ఎర్రబడేదాకా పట్టొద్దు. తీయాల్సి వస్తే నీళ్లు పోస్తూ వాటర్ పేపర్‌తో, లేదా స్ట్రిప్పర్ జెల్ పూసి గీకుడు బిళ్లతో. ఎలక్ట్రోలిసిస్‌లో ఊడిన రంగు తెట్టెను కూడా మొక్కల్లో పారబోయకూడదు. పిల్లలున్న ఇంట్లో ఈ పని చేసిన బట్టలు విడిగా ఉతకాలి. ఉంచాలనడానికి నాకున్న మొదటి కారణం ఇదే: కదపని సీసం దుమ్ము కాదు.

కానీ ఉప్పుగాలి ఉన్న చోట, మొత్తం తీయాలన్న ఫిట్టర్ గారి మాటకు బలం ఉంది. రంగు అంచు కింద తుప్పు పాకుతుంది, పైకి నీలంగానే కనబడుతుంది. మొద్దు చాకుతో అంచును నెమ్మదిగా లేపి చూడండి. ఒకట్రెండు మిల్లీమీటర్లు ఊడి ఆగిపోతే ఆ రంగు నిలుస్తుంది. పెచ్చులు పెచ్చులుగా లేస్తే దాన్ని కాపాడేదేమీ లేదు, తీసేయండి.

పౌడర్ కోటింగ్ మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. బీడు రంధ్రాల్లో ఏళ్లుగా ఇంకిన నూనె 180, 200 డిగ్రీల పొయ్యిలో పొంగి పొరలో బుడగలు లేపుతుంది. పొర మందం వల్ల పోత అక్షరాల అంచులు మొద్దుబారతాయి, స్లైడ్ బిగుసుకుంటుంది.

లాలాగూడ_ఫిట్టర్
సీసం మాట కరెక్టే మేడం, వైర్ కప్పు నేను గూడ చెప్పలే. కిరోసిన్ సుద్ద పరీక్ష గూడ మంచిదే. కాని బీడుఇనుము గారూ, ఆ పరీక్ష పైకి తెరుచుకున్న పగులునే చూపిస్తది. గ్రీజు, తుప్పు గట్టిగ కూరుకుంటే కిరోసిన్ లోపలికి దిగదు, గీత రాదు. గీత రాలేదంటే పగులు లేదని రాసియ్యలేం. అందుకే మెడ, స్లైడ్ రంధ్రం మూలలు, చెవులు, ఈ మూడు చోట్లన్న రంగు తీసి చూడుర్రి. మిగతాది మీ ఇష్టం.

బీడుఇనుము
అది ఒప్పుకుంటాను, ఆ మూడు చోట్లూ ఎలాగూ సగం అరిగే ఉంటాయి.

ఉంచే పక్షంలో పద్ధతి ఇది. గ్రీజుకు కిరోసిన్, మెత్తటి బ్రష్. థిన్నర్ ముట్టొద్దు, పాత ఎనామెల్‌ను మెత్తబరుస్తుంది. తుప్పు మచ్చలకు నిమ్మ ఉప్పు: లీటరు నీటికి 50 గ్రాములు, అందులో ముంచిన గుడ్డను మచ్చ మీద అరగంట ఉంచి బ్రష్‌తో తోమాలి. మొత్తం వైస్‌ను రాత్రంతా నానబెడితే ఆమ్లం బీడును కూడా తిని, గ్రాఫైట్ నల్లటి మసిగా పైకి తేలుతుంది. చింతపండుతోనూ తుప్పు కదులుతుంది, కాకపోతే బలం ఎంతుందో తెలియదు, గుజ్జు త్రెడ్డుల్లో ఇరుక్కుంటుంది. పని అయ్యాక తినే సోడా నీళ్లతో తుడిచి, మంచి నీళ్లతో కడిగి, ఎండలో పెట్టాలి.

బయటపడ్డ లోహానికి, పాత రంగుకి కలిపి బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్, అంటే రంగుల దుకాణంలో అమ్మే అవిసె నూనె, గుడ్డతో చాలా పలుచగా. పావుగంటకు మిగులంతా తుడిచేయాలి, లేకపోతే జిగురుగా మిగులుతుంది. ఆ గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి. నీళ్ల బకెట్లో వెయ్యండి, లేదా విప్పి ఆరబెట్టండి. స్లైడ్‌కు, స్క్రూకు ఈ నూనె వద్దు, ఎండి పట్టేస్తుంది. స్లైడ్‌కు మెషిన్ ఆయిల్, స్క్రూకు గ్రీజు.

గోదారిగట్టు
చెప్పినట్టు చేశాను. చాకుతో అంచు లేపితే మిల్లీమీటరుకే ఆగిపోయింది. వేలాడదీసి తడితే మోత కొంచెం చప్పగానే ఉంది. మెడ, రంధ్రం మూలలు రంగు తీసినా శుభ్రం. కానీ కుడివైపు చెవి దగ్గర సుద్దలో గీత వచ్చింది, బోల్టు రంధ్రం నుంచి బయటి అంచు దాకా, సుమారు 20 మిల్లీమీటర్లు. బ్రేజింగ్ (ఇత్తడి కరిగించి అతకడం) చేయించాలా? చేయిస్తే ఆ వేడికి రంగంతా పోతుందేమో. జా ప్లేట్ స్క్రూ ఒకటి కూడా తల చెడి ఉంది.

ఈరీ_తెలుగు
చెవి పగులుకు కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: ఎగుడుదిగుడు బెంచీ మీద పెట్టి బోల్టు లాగడం. బిగింపు బలం ఆ చెవిలోంచి పోదు, బోల్టు లాగుడు ఒక్కటే పోతుంది. 20 మిల్లీమీటర్ల పగులు బయటి అంచుకు చేరి ఆగితే, బ్రేజింగ్ లేకుండానే బతుకుతుంది. ఉక్కు పట్టీ కింద పెట్టి, పైన మందపు పెద్ద వాషర్ వేసి బిగించండి. లోపలికి, బాడీ వైపు పాకితే మాత్రం బ్రేజింగ్ తప్పదు.

లాలాగూడ_ఫిట్టర్
బ్రేజింగే చెయ్యాలె అంటే ఇట్ల. లోపలి కొసకు అర అంగుళం గూడ కాదు, సరిగ్గ పగులు ఆగిన చోట 3 మిల్లీమీటర్ల రంధ్రం, అప్పుడు ముందుకు పాకదు. పగులు వెంబడి వీ గాడి, మందంల మూడింట రెండొంతులు. గాడిని ఆకురాయితోనే తీయాలె. గ్రైండర్ పడితే గ్రాఫైట్ ముఖమంతా పూసుకుంటది, ఇత్తడి అంటదు. చెవి చుట్టుపక్కలంత మెల్లగ వేడి చేసి, వెలిగారం ఫ్లక్సుతోని ఇత్తడి కడ్డీ. అయినంక పొడి సున్నంల గాని బూడిదల గాని పూడ్చి తెల్లారిందాక వదిలెయ్యాలె. నీళ్లు చల్లితే పక్కనే కొత్త పగులు వస్తది. ఆర్క్ వెల్డింగ్ అయితే నికెల్ రాడ్ కావాలె, ఒక్కో కుట్టు 25 మిల్లీమీటర్లు దాటొద్దు, చెయ్యి పెట్టేంత చల్లారినంకనే ఇంకొకటి. మామూలు మైల్డ్ స్టీల్ రాడ్‌తోని కొడితే అతుకు పక్కన బీడు గాజులెక్క గట్టిపడి విరుగుతది.

రంగు ఆ చెవి చుట్టూ పోతది, అంతే. ఆ ఒక్క చోట రెడ్ ఆక్సైడ్ పూసి, ఎనామెల్ కలిపి దిద్దుకోవచ్చు.

రంగులపెట్టె
దిద్దేటప్పుడు రంగు డబ్బాలో ఉన్న నీలం నేరుగా వద్దు. మిగిలిన రంగు మీద గ్రీజు తుడిచిన చోటును పగటి వెలుతురులో చూసి, నీలంలో నలుపు చుక్కచుక్కగా కలపండి. ఎండాక ఎనామెల్ కాస్త ముదురుతుంది, కాబట్టి తడిగా ఉన్నప్పుడు ఒక పిసరు లేతగా కనబడాలి. వారం ఆగాకే బిగింపు.

బీడుఇనుము
జా ప్లేట్ స్క్రూ: మొదట వెనక వైపు నుంచి బాడీని బ్లో టార్చితో చేయి పెట్టలేనంత వేడి చేయండి, ప్లేటు మీద మంట పెట్టొద్దు, దాని గట్టిదనం పోతుంది. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె), అసిటోన్ సమభాగాలు కలిపిన నూనె బాడీ పూర్తిగా చల్లారాకే పోయాలి, అసిటోన్ దగ్గర మంట ఉండకూడదు. ఒక రాత్రి ఆగి ఇంపాక్ట్ డ్రైవర్‌తో (సుత్తితో కొడితే తిరిగే స్క్రూడ్రైవర్) కొట్టండి. రాకపోతే తల మట్టుకు డ్రిల్ చేసి, ప్లేటు తీశాక మిగిలిన మొండెంను ప్లయర్‌తో తిప్పండి.

కొత్త స్క్రూ కొనేముందు త్రెడ్ గేజ్ పెట్టండి. ఆ కాలపు ఇంగ్లిష్ వైస్‌లో విట్‌వర్త్ త్రెడ్డు (పాత ఇంగ్లిష్ అంగుళాల కొలత) ఉంటుందనే అనుకోవాలి, కోణం 55 డిగ్రీలు, మెట్రిక్ 60. 5/16 అంగుళం విట్‌వర్త్‌కు అంగుళానికి 18 చుట్లు, అంటే 1.41 మిల్లీమీటర్ల పిచ్. 8 మిల్లీమీటర్ల మెట్రిక్ స్క్రూ, అంటే ఎమ్8, పిచ్ 1.25. వ్యాసం దగ్గరగా ఉండటంతో రెండు మూడు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది. అక్కడ బలవంతం చేస్తే పోయేది బాడీలోని త్రెడ్డు.

లాలాగూడ_ఫిట్టర్
బెంచీ మీద పెట్టినంక బోల్టులు వెయ్యకముందే నాలుగు పక్కల ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి ఉక్కు ఆకులు) దూర్చి చూడుర్రి. 0.1 మిల్లీమీటర్ ఆకు దూరితే అక్కడ రేకు ముక్క పెట్టి సమం చేసి, అప్పుడు కొంచెం కొంచెంగ ఎదురెదురు బోల్టులు బిగించుర్రి.