ప్రాజెక్టు ముగిశాక కూడా ఊరితో భాగస్వామ్యం నిలవాలంటే ఏం చేయాలి?

ప్రశ్న:
నమస్కారం. నేను విశ్వవిద్యాలయంలో పర్యావరణ శాస్త్రం బోధిస్తున్నాను. సమీప గ్రామాలతో కలిసి భూగర్భ జలాల పరిరక్షణపై పనిచేయాలని మా విభాగం సంకల్పించింది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలలో ఆరవది నీటికి సంబంధించినదే కనుక, పాలకవర్గం అనుమతి సులభంగానే లభించింది. నా ఆందోళన వేరు. ఇటువంటి కార్యక్రమాలలో విద్యార్థులు వచ్చి సర్వే పత్రాలు నింపుకుని, ఫొటోలు తీసుకుని, నివేదిక సమర్పించి వెళ్లిపోతారు. అందులో ఏం రాశారో వివరాలిచ్చిన రైతుకు ఎన్నటికీ తెలియదు. అలా జరగకుండా ఒప్పందాన్ని ఎలా రాసుకోవాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

మొదటి సమాధానం:
ఒప్పందానికి ముందే ఊరివారితో కూర్చోండి. అంశాన్ని మీరు ఇప్పటికే ఎంచుకున్నారు, వారు ఇంకా ఎంచుకోలేదు. 1970లలో నెదర్లాండ్స్ విశ్వవిద్యాలయాలలో ‘సైన్స్ షాపులు’ మొదలయ్యాయి. పరిశోధన చేయించుకునే స్తోమత లేని పౌర సంఘాలు తమ సమస్యను అక్కడికి తీసుకువస్తే, అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు దానిపై పనిచేసి, ఫలితాన్ని ఆ సంఘానికే అందజేసేవారు. నీటి మట్టం ఎందుకు పడిపోతోందో తెలుసుకోవాలని మీకు ఉండవచ్చు. ఉన్న నీటితో వచ్చే పంటకు ఎన్ని ఎకరాలు వేయవచ్చో తెలిస్తే చాలునని వారికి ఉండవచ్చు. రెండింటికీ కావలసిన కొలతలు చాలావరకు ఒకటే. అయితే రెండవదానికి జవాబు విత్తనం వేయకముందే అందాలి, మీ సెమిస్టర్ ఎప్పుడు ముగిసినా సరే.

రెండవ సమాధానం:
సేకరించిన సమాచారంపై హక్కు ఎవరిదో ఒప్పందంలో స్పష్టంగా రాయండి. అమెరికాలోని హవసుపాయి తెగవారు 1990లలో మధుమేహ పరిశోధన అనుకుని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులకు రక్త నమూనాలు ఇచ్చారు. తమకు తెలియకుండా వాటిని స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి, పూర్వీకుల వలసలు వంటి అంశాలకు కూడా వాడారని తెలిసి దావా వేశారు; చివరకు 2010లో పరిహారం చెల్లించి, నమూనాలు తిరిగి ఇచ్చేలా రాజీ కుదిరింది. ఆఫ్రికా దక్షిణ భాగంలోని సాన్ ప్రజలైతే తమ వద్దకు వచ్చే పరిశోధకులు పాటించవలసిన నియమావళిని 2017లో తామే ప్రకటించారు. నీటి లెక్కలకు ఇంత జాగ్రత్త ఎందుకని అనుకోకండి. ఎవరి బోరులో ఎంత నీరుందో బయటికి పొక్కితే భూమి ధర మారుతుంది, ఇరుగుపొరుగు మధ్య తగాదాలు వస్తాయి.

మూడవ సమాధానం:
కొలిచే పని ఊరివారికే అప్పగించండి. బావి ఒరపై ఒక గుర్తు పెట్టి, ప్రతిసారీ అక్కడి నుంచే కొలవాలి. బరువు కట్టిన టేపు కింది భాగానికి సుద్ద రాసి, సుద్ద పూసిన భాగంలో కొంత నీటిలో మునిగేలా దించి, గుర్తు దగ్గర అంకె చూసుకుని పైకి తీస్తే సుద్ద ఎంతవరకు తడిసిందో కనిపిస్తుంది. మొదటి అంకెలోంచి తడిసిన పొడవు తీసివేస్తే గుర్తు నుంచి నీటి మట్టం ఎంత లోతున ఉందో వస్తుంది. మోటారు వేయకముందు, తెల్లవారుజామున కొలవడం మంచిది. ఇది ఎవరైనా కొద్దిసేపట్లో నేర్చుకోగలరు. ఆ అంకెలు అందరికీ కనబడే బోర్డు మీద రాయాలా, వద్దా అన్నది ఊరివారే సభ పెట్టి నిర్ణయించుకోవాలి. కొలిచేవారికి పారితోషికం తప్పక ఇవ్వండి. విద్యార్థులకు మార్కులు, అధ్యాపకులకు ప్రచురణలు దక్కే పనిలో గ్రామస్థుల శ్రమను మాత్రం ఉచితంగా తీసుకోవడం న్యాయం కాదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. పారితోషికాన్ని బడ్జెట్‌లో చేర్చి ప్రతిపాదనను సవరిస్తాను. ఒక్క సందేహం మిగిలింది: ఊరివారు నీటిని పక్కన పెట్టి మరో సమస్య చెబితే, నీటి కోసమే నిధులు ఇచ్చిన సంస్థకు ఏమని చెప్పుకోవాలి?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
ఉన్నది ఉన్నట్టు రాతపూర్వకంగా తెలియజేసి, పని పరిధిని మార్చమని కోరండి. వారు అంగీకరించకపోతే, ఈ నిధులతో ఏది సాధ్యం, ఏది కాదు అన్న సంగతి గ్రామసభలో ముందుగానే చెప్పండి. ఆపై చేరాలో వద్దో వారే నిర్ణయించుకుంటారు. వద్దంటే ఆ నిర్ణయాన్ని గౌరవించి, వారు చెప్పిన సమస్యపై పనిచేయగల మరో విభాగాన్ని వారికి పరిచయం చేయండి.