కార్డుకి ‘వేడి చేసింది’ అనొచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో మొదలైన వాదన ఇది, మీరే తేల్చాలి. మా తమ్ముడు కంప్యూటర్‌లో కార్ల రేసు ఆడుతుంటే కాసేపటికే బొమ్మ ఆగి ఆగి రావడం మొదలైంది. ‘అక్కా, గ్రాఫిక్స్ కార్డుకి వేడి చేసింది’ అన్నాడు. పక్క గదిలోంచి నాన్నగారు ‘వేడెక్కింది అనాలిరా, వేడి చేసేది మనుషులకి’ అని సరిదిద్దారు. వాడి మాట తప్పేనా?

జవాబు:
తప్పు కాదండీ. నన్నడిగితే మీ తమ్ముడన్నదే కచ్చితమైన మాట. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను, భాష, కంప్యూటర్ రెండూ నాకు ఇష్టమైనవే.

ముందు వ్యాకరణం. ‘నీళ్ళు వేడెక్కాయి’ అంటే ఉష్ణోగ్రత పెరిగిందని, అంతే. ‘నీళ్ళు వేడి చేశాను’ అంటే చేసిన మనిషి ఉన్నాడు. ‘నాకు వేడి చేసింది’ దగ్గరికొచ్చేసరికి చేసినవాళ్ళెవరూ లేరు. జలుబు చేసింది, జబ్బు చేసింది, సుస్తీ చేసింది, అన్నీ ఈ వరసవే. బాధ పడేవాళ్ళకి ‘కి’ గానీ ‘కు’ గానీ చేరుతుంది, వాళ్ళు ఎవరైనా, ఎందరైనా క్రియ ‘చేసింది’ అనే ఉంటుంది. అందుకే ‘గేమ్ కార్డుని వేడి చేసింది’, ‘కార్డుకి వేడి చేసింది’ ఒకటి కావు. మొదటిదానిలో గేమ్ ఒక పని చేసింది. రెండోదానిలో కార్డుకి ఒంట్లో బాగాలేదు.

ఇక కార్డు సంగతి. కంప్యూటర్‌లో తెర మీది బొమ్మలు గీసే భాగమే గ్రాఫిక్స్ కార్డు. గేమ్ ఆడేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు 65, 70, 75 డిగ్రీలకి చేరడం మామూలే. అది వేడెక్కడం. దాన్ని చూసి కంగారుపడనక్కర్లేదు. ఎన్విడియా కంపెనీ కార్డుల్లో ఆర్‌టీఎక్స్ 3080కి ఆ కంపెనీ చెప్పే గరిష్ఠ ఉష్ణోగ్రత 93 డిగ్రీలు, 4090కి 90. ఇంకో కంపెనీ ఏఎమ్‌డీ తన ఆర్‌ఎక్స్ 5700 రకాలు 2019లో వచ్చినప్పుడు, చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉండే చోటు 110 డిగ్రీల దాకా వెళ్ళినా అది అనుకున్న హద్దులోనే ఉన్నట్టని చెప్పింది. ఆ చోటునే హాట్‌స్పాట్ అంటారు. మామూలుగా తెర మీద కనిపించే అంకె కంటే అది పది, పదిహేను డిగ్రీలు ఎక్కువ ఉండటం సహజం. తేడా పాతిక దాటి రోజురోజుకీ పెరుగుతుంటే మాత్రం చిప్‌కీ, దాని వేడిని లాగేసే లోహపు దిమ్మ హీట్‌సింక్‌కీ మధ్య రాసిన థర్మల్ పేస్ట్ ఎండిపోయిందనో పక్కలకి జారిపోయిందనో అనుమానించాలి.

వేడి చేయడం వేరే సంగతి. హద్దు దగ్గరపడేకొద్దీ కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఆఫ్టర్‌బర్నర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో తెర మూలన అంకెలు పెట్టుకుని చూడండి. ఆట మొదట్లో క్లాక్, అంటే చిప్ పనిచేసే వేగం, 1900 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఉష్ణోగ్రత ఎక్కుతుంటే 1885, 1870 అని చిన్న చిన్న మెట్లుగా దిగుతుంది. ఇంతవరకూ ఆడేవాళ్ళకి ఏమీ తెలియదు. ఆ తర్వాత ఒక్కసారిగా వందల్లో పడిపోతే సెకనుకి 90 ఫ్రేములు (కార్డు గీసే బొమ్మలు) వచ్చేది 50కి జారుతుంది, మలుపు తిరిగేటప్పుడు కారు గెంతుతుంది. మీ తమ్ముడు చూసింది ఇదే అయ్యుండాలి. ‘వేడెక్కింది’ అంటే ఈ అవస్థ మనసుకి రాదు. ‘వేడి చేసింది’ అంటే వెంటనే వస్తుంది.

కరీంనగర్ నుంచి ఒకరు:
మా దిక్కు ‘కార్డు ఉడికిపోతుంది’ అంటాం అన్నా. మాకు ఉడుకు నీళ్ళు అన్నా వేడి నీళ్ళు అన్నా ఒకటే. ఆటల ఓడి మొహం మాడ్చుకునేటోణ్ని ఉడుకుమోతు అంటాం గద, అది గూడ ఇదే ఉడుకు. ఇంకో మాట, కార్డు వేడికి వేగం తగ్గించుకునుడును థ్రాట్లింగ్ అంటరు గద, దానికి తెలుగు ఏంది? ఒకకాడ ‘గొంతు నొక్కడం’ అని రాసింది చూసిన.

జవాబు:
ఉడుకు మంచి మాట తమ్ముడూ, రాయలసీమలోనూ ఉడుకు నీళ్ళే. గొంతు నొక్కడం మాత్రం నాకు నచ్చదు. నొక్కడానికి బయటివాడొకడు కావాలి, ఇక్కడ కార్డు తన ప్రాణం కాపాడుకోవడానికి తానే తగ్గుతోంది. ‘నెమ్మదించడం’ అందాం. వాన నెమ్మదించింది, జ్వరం నెమ్మదించింది అంటాం కదా. ‘వేడికి కార్డు నెమ్మదించింది’ అంటే విడమరిచి చెప్పక్కర్లేదు.

ప్రశ్న వేసినవారు:
చాలా థాంక్సండీ. మరి మా కార్డు 84 చూపిస్తోంది, తమ్ముడి కన్నా నాకే టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు:
84కి కార్డు కాలిపోదమ్మా, నిశ్చింతగా ఉండండి. కానీ మే నెలలో మన ఊళ్ళలో గది 38 దగ్గరుంటుంది. 25 డిగ్రీల గదిలో 72 చూపే కార్డు, ఫ్యాన్లు అదే వేగంతో తిరుగుతుంటే, ఈ గదిలో 85కి పోతుంది. ఫ్యాన్ ఎంత తిరిగినా గదిలో గాలి కంటే చల్లగా చేయలేదు. కాబట్టి ముందు చలవ చేసే పనులు చూడాలి.

ఖర్చు లేనిది ఫ్రేములకి హద్దు పెట్టడం. మీ మానిటర్ 60 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకి 60 సార్లే బొమ్మ మార్చేది అయితే కార్డు సెకనుకి 140 ఫ్రేములు గీయడం వృథా శ్రమ. 60కి ఆపితే అప్పటికప్పుడే తేడా కనిపిస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది అండర్‌వోల్టింగ్, అంటే చిప్‌కిచ్చే వోల్టేజీ తగ్గించడం. కంపెనీలు ఏ చిప్ అయినా తడబడకుండా నడవాలని వోల్టేజీ కాస్త ధారాళంగానే పెడతాయి. మీ చిప్‌కి అంత అవసరం లేకపోవచ్చు. చిప్ పనిచేసేటప్పుడు ఖర్చయ్యే కరెంటులో ముఖ్యభాగం వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. అదే క్లాక్ దగ్గర 1.05 వోల్టుల నుంచి 0.9కి దించితే ఆ భాగం దాదాపు 27 శాతం తగ్గుతుంది. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వోల్టేజీ గీత తెరుచుకుంటుంది. కొంచెం కొంచెంగా దించుతూ ఆడి చూడాలి. గేమ్ మూసుకుపోతే ఒక మెట్టు పైకి వెళ్ళాలి. అది కష్టమనిపిస్తే అందులోనే పవర్ లిమిట్‌ని, అంటే కార్డు వాడే కరెంటు హద్దుని, 80 శాతానికి జరపండి, సులువైన దారి.

దుమ్ము సంగతి మీకు తెలిసిందే. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, గాలికి విపరీతంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. క్యాబినెట్ పక్క పలక తీసి ఒకసారి ఆడించండి. ఆరేడు డిగ్రీలు తగ్గితే లోపం కార్డుది కాదు, క్యాబినెట్‌లోకి గాలి సరిగ్గా ఆడటం లేదు. ఎయిర్ కూలర్‌ని మాత్రం నేరుగా కంప్యూటర్ వైపు తిప్పొద్దు. చల్లగాలితోపాటు తేమ వస్తుంది, ఒక్కోసారి తుంపర కూడా.

ప్రశ్న వేసినవారు:
60 దగ్గర ఆపాం, 71కి వచ్చింది! నాన్నగారు ‘వేడి చేసింది’కి ఒప్పుకున్నారు. ఇప్పుడు ‘చలవ’ కాదు, ‘చలువ’ అని రాయాలంటున్నారు.

జవాబు:
రాతలో చలువ, మాటలో చలవ, రెండూ ఉన్నవే. ‘మజ్జిగ చలవ చేస్తుంది’ అని మా అమ్మమ్మ అనగా విన్న చెవి నాది, అందుకని నేను చలవే రాస్తాను. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. హాట్‌స్పాట్ అంకె కూడా ఒకసారి చూసి ఇక్కడ పెట్టండి.