గోల్ఫ్‌లో రేంజ్ పరీక్ష పాసయ్యాకే కొత్తవాళ్ళని కోర్సులోకి పంపాలా?

గోల్కొండ_గాలి
కొన్ని గోల్ఫ్ క్లబ్బుల్లో కొత్తవాళ్ళు కోర్సులోకి, అంటే అసలు ఆట మైదానంలోకి, దిగే ముందు ప్రో (క్లబ్ కోచ్) ఎదుట పరీక్ష ఇవ్వాలి. రేంజ్ (ప్రాక్టీస్ చోటు) మీద కొన్ని బంతులు కొట్టిస్తారు, ఎక్కువ భాగం గాల్లోకి లేస్తే సంతకం పడుతుంది. ఈ పద్ధతి ఉండాలా, తీసేయాలా?

నా మాట ముందే చెప్పేస్తాను. పరీక్ష ఉండాలి, కానీ ప్రశ్నపత్రం మారాలి. 7 ఐరన్ (ఇనుప తల ఉన్న క్లబ్, అంటే బంతి కొట్టే కర్ర) చక్కగా కొట్టి, పోయిన బంతి కోసం పది నిమిషాలు పొదలు గాలించేవాడు ఇప్పుడు పాసవుతున్నాడు. 2019లో రూల్స్ మారినప్పుడు వెతికే గడువు 5 నిమిషాల నుంచి 3 నిమిషాలకు తగ్గింది. బంతి పోయిందేమో అని అనుమానం రాగానే, వెతకడానికి కదలకముందే ప్రొవిజనల్ (మొదటిది దొరక్కపోతే లెక్కలోకి వచ్చే రెండో బంతి) కొట్టాలి. అది కూడా 'ప్రొవిజనల్' అని పైకి చెప్పి కొట్టాలి. చెప్పకుండా కొడితే ఆ రెండో బంతే ఆటలో ఉన్నట్టు, మొదటిది దొరికినా లెక్కలోకి రాదు. ఇది తెలియనివాడికి ఏ స్వింగ్ (క్లబ్ ఊపే తీరు) ఉంటే ఏం లాభం?

ఐరన్_ఆచారి
గాలి గారూ, మర్యాద సంగతి సరే, ముందు ప్రాణాల సంగతి చూడండి. బంతి ఎటు పోతుందో తెలియనివాడిని పక్క ఫెయిర్‌వేలో (హోల్ వైపు సాగే కోసిన పచ్చిక దారిలో) జనం ఉన్నచోట ఎలా వదులుతాం? స్వింగ్ పరీక్ష పెట్టిందే అందుకు.

కొత్తవాళ్ళలో కనిపించే స్లైస్‌కి (బంతి కుడికి వంగిపోవడానికి) మూలం చాలాసార్లు గ్రిప్‌లోనే, అంటే పట్టులోనే ఉంటుంది. కుడిచేతి వాటం వాళ్ళ లెక్కన చెబుతున్నాను. ఎడమ అరచేతి మధ్యలో క్లబ్ పెట్టి పిడికిలి బిగిస్తారు. క్లబ్ ఉండాల్సింది వేళ్ళ మొదళ్ళ మీద, అరచేతి దిగువ కండ దానిపైకి వాలాలి. కిందికి చూస్తే ఎడమచేతి వేళ్ళ కణుపులు రెండు, మహా అయితే మూడు కనిపించాలి. ఒక్కటే కనిపిస్తే బంతిని తాకేసరికి ఫేస్ (క్లబ్‌లో బంతికి తగిలే ముఖం) తెరుచుకునే ఉంటుంది, బంతి కుడికి వంగుతుంది. అది చూసి ఇంకా ఎడమకి గురిపెడతారు. దాంతో స్వింగ్ బయటినుంచి లోపలికి మరింత కోసినట్టు వస్తుంది, వంపు పెరుగుతుంది. మందు వేసుకునేకొద్దీ జబ్బు ముదురుతుందన్నమాట.

బంతి బయల్దేరే దిక్కును ఎక్కువగా నిర్ణయించేది ఫేస్. వంపును నిర్ణయించేది, స్వింగ్ దారికీ ఫేస్‌కీ మధ్య తేడా. ఈ రెండూ విడిగా అర్థమయ్యేదాకా రేంజ్ దాటనివ్వకూడదు.

పచ్చిక_పిన్ని
ఆచారి గారూ, గ్రిప్ గురించి చెప్పింది అక్షరాలా నిజం. దానినుంచి మీరు తీసిన తీర్పుతోనే పేచీ. ఫుల్ స్వింగ్ కుదిరేదాకా రేంజ్‌లో ఉంచితే ఆరు నెలల తర్వాత కూడా గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీద ఎక్కడ నిలబడాలో తెలియదు.

గ్రీన్ నుంచి వెనక్కి నేర్పాలి. హోల్ వెడల్పు 4.25 అంగుళాలు. ముందు 3 అడుగుల నుంచి, హోల్ చుట్టూ ఎనిమిది వైపులా. తర్వాత 30 అడుగుల నుంచి, హోల్‌లో వెయ్యడానికి కాదు, ఆ 3 అడుగుల వలయంలో ఆపడానికి. మూడు పట్‌లు (గ్రీన్ మీద బంతిని దొర్లించే దెబ్బలు) పడుతున్నాయంటే చాలావరకు తప్పు దూరంలోనే, గీతలో కాదు. మన దగ్గర బెర్ముడా గడ్డి గ్రీన్లు ఎక్కువ కాబట్టి గడ్డి వాలు కూడా చూడాలి. మెరుస్తూ కనిపిస్తే గడ్డి మీకు అవతలివైపు వాలి ఉంది, బంతి జారుతుంది. ముదురు రంగులో మసకగా ఉంటే ఎదురు, కాస్త గట్టిగా కొట్టాలి.

ఆ తర్వాత చిప్ (గ్రీన్ అంచు నుంచి చిన్న దెబ్బ), ఆ తర్వాత 50 గజాల పిచ్ (ఎత్తుగా లేపే దెబ్బ). ఇవి వచ్చినవాళ్ళని సాయంత్రం ఖాళీగా ఉన్నప్పుడు 100 గజాల బోర్డు దగ్గర నుంచి హోల్ ఆడించండి. పక్కవాళ్ళకి ప్రమాదం లేదు, మర్యాద మొత్తం వంటపడుతుంది. పటింగ్ బలం చూడాలంటే మన గోల్ఫర్ అదితీ అశోక్‌ని చూడండి. టోక్యో ఒలింపిక్స్‌లో డ్రైవ్ దూరంలో వెనకబడి కూడా 4వ స్థానం తెచ్చుకుంది.

నాలుగో_బంతి
పిన్నీ, ఆ ఉదాహరణ వద్దు. అదితి ఫెయిర్‌వే ఉడ్‌తో (దూరం కొట్టే క్లబ్) గ్రీన్ మీద దించగలదు కాబట్టి ఆ పటింగ్‌కి విలువ వచ్చింది. టీ (ప్రతి హోల్ ఆట మొదలుపెట్టే చోటు) నుంచి బంతిని 40 గజాలు దొర్లించేవాడికి గ్రీన్ చేరేసరికే ఏడో దెబ్బ అయిపోతుంది.

కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ, పీజీఏ టూర్ (అమెరికా ప్రొఫెషనల్ పోటీలు) షాట్ల లెక్కలు తీసి తేల్చింది ఇదే. మంచి ఆటగాడికీ మామూలు ఆటగాడికీ స్కోరులో వచ్చే తేడాలో సుమారు మూడింట రెండు వంతులు 100 గజాల బయటి షాట్లవే. టూర్ ప్రోలే 8 అడుగుల నుంచి దాదాపు సగం పట్‌లు వదిలేస్తారు. స్కోరు తగ్గించుకోవడమే లక్ష్యమైతే ఆచారి గారిదే సరైన దారి.

పచ్చిక_పిన్ని
స్కోరు గురించి ఎవరడిగారు బాబూ? ప్రశ్న కోర్సులోకి ఎప్పుడు దిగాలన్నది. బ్రాడీ లెక్క ఎవరు గెలుస్తారో చెబుతుంది, ఎవరిని లోపలికి రానివ్వాలో చెప్పదు.

నాలుగో_బంతి
ఒప్పుకున్నాను. అయితే లోపలికి వచ్చాక పట్టే సమయం లెక్క చూద్దాం. ఒక షాట్‌కి రూల్స్ సూచించే సమయం 40 సెకన్లు. నలుగురు, తలా 100 దెబ్బలు. ఒక్కొక్క దెబ్బకి 20 సెకన్లు అదనంగా తీసుకుంటే 8,000 సెకన్లు, అంటే 2 గంటల 13 నిమిషాలు. ఎక్కువ దెబ్బలు కొట్టేవాడికంటే ప్రతి దెబ్బకీ నాలుగు ప్రాక్టీస్ స్వింగులు ఊపేవాడే ప్రమాదం.

బంకర్_బాబాయ్
లెక్క భయంగానే ఉంది గానీ, అందరూ వరుసగా ఒకరి తర్వాత ఒకరు అన్నట్టు వేశారు. రెడీ గోల్ఫ్ ఆడితే అంత నష్టం రాదు. దూరంగా ఉన్నవాడు ఇంకా క్లబ్ ఎంచుకుంటుంటే, సిద్ధంగా ఉన్నవాడు, ముందు ఎవరూ లేకపోతే, కొట్టేయొచ్చు. స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కపెట్టే ఆటలో) దీన్ని రూల్సే ప్రోత్సహిస్తున్నాయి. మ్యాచ్ ప్లేలో (హోల్ హోల్‌కీ గెలుపు చూసే ఆటలో) మాత్రం వరుస తప్పిస్తే ఎదుటివాడు ఆ షాట్ మళ్ళీ ఆడమనొచ్చు, జాగ్రత్త.

సమయం ఎక్కడ చస్తుందో చెప్పనా? పార్ 3 (మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్) దగ్గర. పార్ 4లో ఒక జట్టు గ్రీన్ మీద ఉండగానే ఇంకో జట్టు టీ కొట్టొచ్చు. పార్ 3లో గ్రీన్ ఖాళీ అయ్యేదాకా వెనకవాళ్ళు నిలబడాల్సిందే. గ్రీన్ మీద హోల్ పక్కనే స్కోర్ రాసుకుంటూ నిలబడేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. స్కోరు తర్వాతి టీ దగ్గర రాసుకోవాలి. బ్యాగ్ కూడా గ్రీన్‌కి తర్వాతి టీ వైపున పెట్టాలి, ముందువైపు కాదు.

ఇంకోటి, రేంజ్ మ్యాట్ మీద పరీక్షే మోసం. బంతికి రెండు అంగుళాల వెనక తగిలినా మ్యాట్ మీద క్లబ్ జారిపోయి బంతి లేస్తుంది, చప్పుడు కూడా బాగుంటుంది. నేల మీద అదే దెబ్బకి పచ్చిక పెళ్ళ లేస్తుంది, బంతి పది గజాలు పోతుంది. బంతికి ఒక జానెడు వెనక టవల్ మడిచి పెట్టి కొట్టమనండి. టవల్ తగలకుండా పదిలో ఏడు వస్తే, అప్పుడు సంతకం గురించి మాట్లాడదాం. టవల్ లేకపోతే ప్రాక్టీస్ బంకర్‌లో (ఇసుక గుంటలో) ఇసుక మీద గీత గీసి, బంతి లేకుండా ఊపమనండి. ఇసుక గీత దగ్గరో, గీతకి ముందో లేవాలి. వెనక లేస్తే బరువు కుడికాలి మీదే ఉండిపోయినట్టు.

ఐరన్_ఆచారి
టవల్ పరీక్ష బాగుంది, దాన్ని తీసుకుంటాను. మా వాదన కూడా మీరే బలపరిచారు బాబాయ్, స్వింగ్ చూడాలనేగా.

గోల్కొండ_గాలి
చూడండి, నేను వద్దనలేదు. గ్రిప్, గురి, టవల్ అన్నీ పెట్టండి. దాంతోపాటు ఇవి కూడా చేయించండి. బంతి దారి తప్పగానే ఆలస్యం లేకుండా, ముందున్నవాళ్ళు జాగ్రత్తపడేలా 'ఫోర్' అని అరవడం. ఎవరికో తగిలాక అరిస్తే ఏం ప్రయోజనం, సిగ్గుపడి గొణిగితే ఏం ప్రయోజనం? తర్వాత, వెనకవాళ్ళు వేచి ఉండి ముందు హోల్ ఖాళీగా ఉంటే పక్కకు జరిగి చెయ్యి ఊపి పంపడం. ఇక పిచ్ మార్క్ (బంతి పడి గ్రీన్‌లో అయిన గుంట) బాగుచేయడం. ఫోర్క్‌ని గుంట అంచున గుచ్చి, చుట్టూ పచ్చికను మధ్యకి నెట్టాలి. చాలామంది అడుగునుంచి పైకి ఎత్తుతారు. అప్పుడు గడ్డి వేర్లు తెగి, బాగుచేయకుండా వదిలినదానికంటే పెద్ద ఎండు మచ్చ మిగులుతుంది. చివర పటర్‌తో తట్టితే చాలు.

ఫెయిర్‌వేలో పెళ్ళ లేచిన గుంటకి కేడీ (బ్యాగ్ మోసే మనిషి) సంచీలోంచి ఇసుక పోయించాలి. బెర్ముడా పాకుతుంది కాబట్టి పక్కల నుంచి ఇసుకను కప్పేస్తుంది. మరీ ఎత్తుగా పోస్తే కోత యంత్రం బ్లేడుకి తగులుతుంది, నేలకి సమానంగా చదును చేయాలి.

పచ్చిక_పిన్ని
ఇదంతా పరీక్షలో పెడితే సీటు దొరికేది ఎవరికమ్మా? సివిల్ సర్వీసా?

నా లెక్కలో ఒక్క నియమం చాలు: చెయ్యెత్తడం. హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చూపే అంకె) లేని కొత్తవాడికి వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్‌లో హోల్‌కి గరిష్ఠం పార్ + 5. అంటే పార్ 4లో 9. ఆ తర్వాత బంతి జేబులో వేసుకుని నడవాలి. క్లబ్ కమిటీ లోకల్ రూల్ పెట్టుకుని ఉంటే, టీ నుంచి పోయిన బంతికి వెనక్కి నడవకుండా ఫెయిర్‌వేలో డ్రాప్ చేసి, రెండు పెనాల్టీలతో నాలుగో దెబ్బ కొట్టొచ్చు. పోటీల్లో మామూలుగా అది ఉండదు, సరదా ఆటకి సరిపోతుంది.

బంకర్_బాబాయ్
9 ఎక్కువ పిన్నీ. కొత్తవాళ్ళకి డబుల్ పార్ పెట్టండి. పార్ 3లో 6, పార్ 4లో 8.

నాలుగో_బంతి
పార్ 3లో 6 అంటే, బంకర్‌లో రెండు దెబ్బలు పడగానే ఆట అయిపోతుంది. బంకర్‌లోంచి రావడం ఎప్పుడు నేర్చుకుంటాడు?

బంకర్_బాబాయ్
ప్రాక్టీస్ బంకర్‌లో. ముందు ఫేస్ తెరిచి, ఆ తర్వాత గ్రిప్ పట్టుకోవాలి. పట్టుకున్నాక మణికట్టు తిప్పి తెరిస్తే దెబ్బ తగిలేసరికి మళ్ళీ మూసుకుపోతుంది. బంతికి రెండు అంగుళాల వెనక ఇసుకలో దించి, ఆగకుండా పూర్తిగా ఊపేయాలి. కొట్టే ముందు బంతికి సరిగ్గా ముందో, వెనకో క్లబ్ ఇసుకకి ఆనిస్తే రెండు పెనాల్టీలు, ప్రాక్టీస్ స్వింగ్‌లో తగిలినా అంతే. బంకర్‌లోకి లోతు తక్కువగా ఉన్న వైపునుంచే దిగాలి, రేక్ చేతిలో పట్టుకునే దిగాలి. బయటికి వచ్చాక రేక్ కోసం తిరిగి నడిచే ఆ అర నిమిషమే మళ్ళీ వెనకవాళ్ళది.

ఐరన్_ఆచారి
డబుల్ పార్‌కి నేను ఒప్పుకుంటాను, పిన్ని గారి సాయంత్రం ఆటకి కూడా. శని, ఆదివారాల పొద్దున మాత్రం టవల్ పరీక్ష పాసవ్వనిదే ఒకటో టీ మీదికి రానివ్వను.

పచ్చిక_పిన్ని
శని, ఆదివారాల పొద్దున పాత సభ్యులకి కూడా అదే టవల్ పెట్టండి మరి. చూద్దాం ఎంతమంది మిగులుతారో.